డాష్‌కామ్‌కు పవర్ బ్యాంక్: రాత్రికి సరే, ఎండకు వద్దు

విశాఖలో కారు నడిపేవాళ్లకు డాష్‌కామ్ ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. పోర్టులోంచి కాన్వెంట్ జంక్షన్ వైపు వచ్చే బొగ్గు లారీలు, స్టీల్‌ప్లాంటు నుంచి గాజువాక మీదుగా ఇనుప చువ్వలు మోసుకెళ్లే ట్రైలర్లు, 16వ నంబరు జాతీయ రహదారి మీద కంటెయినర్లు, వాటి సందుల్లోంచి దూసుకొచ్చే ఆటోలు, బైకులు. ఎక్కడ ఏ బండి రాసుకుపోయినా తప్పెవరిదన్న తగువు నడిరోడ్డు మీదే మొదలవుతుంది. చాలాసార్లు నోరున్నవాడే నెగ్గుతాడు. ముందు అద్దానికి అతికించిన చిన్న కెమెరా ఆ తగువుకు నమ్మకమైన సాక్షి. కాకపోతే దానికి కరెంటు అందుతూ ఉండాలి.

చిక్కంతా ఇక్కడే ఉంది. చాలా కార్లలో ఇంజిన్ ఆపి తాళం తీయగానే చార్జింగ్ పాయింటుకు కరెంటు ఆగిపోతుంది, దాంతో కెమెరా కూడా ఆగిపోతుంది. బీచ్ రోడ్డులోనో, రైల్వే స్టేషన్ బయటో, ఇంటి ముందు వీధిలోనో నిలిపిన కారును ఎవరైనా గుద్ది వెళ్లిపోతే చూసినవాళ్లు ఉండరు. ఫోను కోసం కొన్న పవర్ బ్యాంకునే కెమెరాకు తగిలిస్తే సరిపోతుంది కదా అని చాలామందికి తోస్తుంది. మంచి ఆలోచనే. అయితే దాని వెనక కొంత లెక్క, కొంత రసాయన శాస్త్రం ఉన్నాయి. లెక్క తప్పితే కెమెరా సమయానికి పనిచేయదు. రసాయనం సంగతి మరిచిపోతే కారుకే ముప్పు.

కారు బ్యాటరీ పని వేరు

బానెట్ కింద ఉండే 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీని ముఖ్యంగా ఒక పని కోసం తయారు చేస్తారు. సెల్ఫ్ కొట్టిన రెండు మూడు సెకన్లలో వందల ఆంపియర్ల కరెంటు ఇవ్వడమే ఆ పని. ఇంజిన్ అందుకున్నాక ఆల్టర్నేటర్ సుమారు 14 వోల్టుల దగ్గర దాన్ని మళ్లీ నింపేస్తుంది. కొద్దిగా ఖాళీ కావడం, వెంటనే నిండడం దానికి అలవాటు. గంటల తరబడి నెమ్మదిగా అడుగంటా తోడేస్తే సీసం ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడుతుంది. తర్వాత ఎంత చార్జింగ్ పెట్టినా పాత సత్తువ తిరిగి రాదు.

అంకెల్లో చూద్దాం. చిన్న కారులో 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఉందనుకోండి. మామూలు డాష్‌కామ్ దాని నుంచి పావు ఆంపియర్ తీసుకుంటే 12 గంటల రాత్రికి అయ్యే ఖర్చు 3 ఆంపియర్ అవర్లు. ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీకి ఇది పెద్ద బరువేమీ కాదు. అదే కారును వీధిలో వదిలి వారం రోజులు ఊరెళితే 42 ఆంపియర్ అవర్లు కావాలి. ఉన్నవే 35. తిరిగొచ్చేసరికి సెల్ఫ్ తీసుకోదు. నాలుగేళ్లు వాడిన బ్యాటరీ అయితే వారం దాకా కూడా ఆగదు.

దీనికి విరుగుడుగా హార్డ్‌వైర్ కిట్లు దొరుకుతున్నాయి. ఇవి ఫ్యూజు బాక్సులోంచి కరెంటు తీసుకుంటాయి. బ్యాటరీ వోల్టేజీ మనం పెట్టుకున్న హద్దు దాకా పడిపోగానే కెమెరాను ఆపేస్తాయి. నిండా చార్జయిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. 12.2 అంటే సుమారుగా సగం ఖాళీ అయినట్టు. హద్దును అక్కడ పెట్టుకుంటే పొద్దున్నే కారు మొరాయించదు. కానీ కొత్త కారు వైరింగులో చెయ్యి పెడితే వారంటీ పేచీ రావచ్చు. ట్రావెల్స్ కారు నడిపే డ్రైవరుకు, కంపెనీ కారు వాడే ఉద్యోగికి, అద్దె కారులో అరకు వెళ్లే కుటుంబానికి ఫ్యూజు బాక్సు ముట్టుకునే వీలే ఉండదు. పవర్ బ్యాంకు నిజంగా అక్కరకొచ్చేది ఇలాంటివాళ్లకే.

ఇంజిన్ ఆగాక నిల్వ మీద బతకడం ఎలాగో ఆర్కే బీచ్‌లోనే చూడొచ్చు. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో సేవ ముగించి, 2002 నుంచి మ్యూజియంగా నిలిచిన ఐఎన్ఎస్ కుర్సురా డీజిల్ ఎలక్ట్రిక్ జలాంతర్గామి. గాలి అందినప్పుడు దాని డీజిల్ ఇంజిన్లు నడిచి బ్యాటరీలను నింపేవి. లోతుకు మునిగాక ఇంజిన్లు ఆపేసి ఆ బ్యాటరీల మీదే ప్రయాణం. నీటి అడుగున ఎంతసేపు ఉండాలన్నా ముందుగా చూసుకోవలసినవి నిల్వ ఎంత, గంటకు ఖర్చు ఎంత అన్న రెండు అంకెలే. డాష్‌కామ్‌కు పవర్ బ్యాంకు తగిలించేవాళ్లు చూడవలసినవీ అవే.

వాట్ అవర్లలో లెక్కేయండి

పవర్ బ్యాంకు మీద 10,000 ఎంఏహెచ్ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అది లోపలి లిథియం సెల్ దగ్గర, అంటే 3.7 వోల్టుల దగ్గర చెప్పిన అంకె. కెమెరాకు యూఎస్‌బీ ద్వారా అందేది 5 వోల్టులు. వోల్టేజీలు వేరైనప్పుడు ఎంఏహెచ్‌లను నేరుగా పోల్చకూడదు. శక్తిని వాట్ అవర్లలోకి మార్చుకోవాలి. 10 ఆంపియర్ అవర్లను 3.7తో గుణిస్తే 37 వాట్ అవర్లు. 3.7 వోల్టులను 5కు పెంచే సర్క్యూట్ ఇందులో పదీ పదిహేను శాతాన్ని వేడిగా పోగొడుతుంది. కెమెరాకు మిగిలేవి సుమారు 32 వాట్ అవర్లు. అదే డబ్బా వెనక చిన్న అక్షరాల్లో రేటెడ్ కెపాసిటీ అంటూ 6,000 చిల్లర కనిపించేది ఇందుకే. కొనేటప్పుడు చూడవలసిన అంకె అది.

ఇక ఖర్చు సంగతి. ముందు వైపు మాత్రమే చూసే చిన్న కెమెరా 5 వోల్టుల దగ్గర అర ఆంపియర్ తీసుకుంటుందనుకుంటే అది 2.5 వాట్లు. 32ను 2.5తో భాగిస్తే 12 గంటల పైచిలుకు. ముందూ వెనకా రెండు కెమెరాలు, వైఫై, జీపీఎస్ ఉన్నది 5 వాట్లు తిన్నా ఆశ్చర్యం లేదు. అప్పుడు అదే పవర్ బ్యాంకు ఆరు గంటలకే ఖాళీ. 20,000 ఎంఏహెచ్‌ది తీసుకుంటే ఈ గంటలు రెట్టింపవుతాయి. రెండేళ్లు వాడిన పవర్ బ్యాంకైతే కొంత తగ్గించి లెక్కేసుకోవాలి.

కరెంటుతో పాటు మెమరీ కార్డును కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఫుల్ హెచ్‌డీ వీడియో సెకనుకు 15 మెగాబిట్ల చొప్పున రాస్తే గంటకు దాదాపు 7 జీబీ నిండుతుంది. 64 జీబీ కార్డు తొమ్మిది గంటలకు నిండిపోయి, కెమెరా పాత వీడియో మీదే కొత్తది రాయడం మొదలుపెడుతుంది. రాత్రి 8 గంటలకు ఎవరో గుద్దిన దృశ్యం తెల్లవారుజామున 5 దాటాక చెరిగిపోయే అవకాశం ఉంది. కుదుపును పసిగట్టే జీ సెన్సర్ ఆన్‌లో ఉంటే ఆ ముక్కను కెమెరా తాళం వేసి దాచుతుంది. పవర్ బ్యాంకు తగిలించే ముందు ఆ సెట్టింగ్ ఒకసారి చూసుకోండి.

ఫోను కోసం చేసిన పరికరం

పవర్ బ్యాంకులను ఫోన్ల కోసం తయారు చేశారు. అందువల్ల డాష్‌కామ్‌తో రెండు ఇబ్బందులు వస్తాయి. బయటికి వెళ్లే కరెంటు బాగా తగ్గిపోతే ఫోను నిండిందనుకుని చాలా పవర్ బ్యాంకులు వాటంతటవే ఆగిపోతాయి. ఆ హద్దు సాధారణంగా 50 నుంచి 100 మిల్లీ ఆంపియర్లు. పార్కింగ్ మోడ్‌లో కునుకు తీస్తూ, కదలిక కనబడితే లేచే కెమెరా అంతకన్నా తక్కువే తీసుకోవచ్చు. పవర్ బ్యాంకు ఆగిపోతే ఇక ఆ కెమెరా లేవదు. తక్కువ కరెంటు మోడ్ ఉన్న పవర్ బ్యాంకు కొనడమో, కెమెరాను ఆగకుండా రికార్డు చేసేలా పెట్టడమో దీనికి మందు.

రెండోది, ఒకవైపు కారు పాయింటు నుంచి నిండుతూనే మరోవైపు కెమెరాకు కరెంటివ్వడం. ఈ సదుపాయాన్ని పాస్‌త్రూ చార్జింగ్ అంటారు. అన్నింటికీ ఇది ఉండదు. ఉన్నవాటిలోనూ కొన్ని, ప్లగ్గు పెట్టినప్పుడు, తీసినప్పుడు క్షణకాలం ఆగుతాయి. ఆ క్షణానికే కెమెరా ఆరి మళ్లీ లేస్తుంది. ఇంటి దగ్గరే రెండు మూడుసార్లు ప్లగ్గు పెట్టి తీసి చూస్తే తేలిపోతుంది.

తీగ సంగతి ఎవరూ పట్టించుకోరు గాని, కెమెరా ఊరికే రీస్టార్ట్ అవుతోందంటే చాలాసార్లు తప్పు దానిదే. అద్దం మీది నుంచి రూఫ్ అంచు వెంట, పక్క స్తంభం మీదుగా గ్లోవ్ బాక్సు దాకా తీగ దింపితే సుమారు 3 మీటర్లు. చవక కేబుళ్లలో 28 గేజి సన్నని రాగి తీగ ఉంటుంది. దాని నిరోధం మీటరుకు 0.21 ఓమ్. కరెంటు వెళ్లి రావాలి కాబట్టి 6 మీటర్లకు సుమారు 1.3 ఓమ్. అర ఆంపియర్ పారితే 0.6 వోల్టు తీగలోనే పోతుంది, కెమెరాకు అందేది 4.4 వోల్టులే. రెండు కెమెరాలున్నది ఒక ఆంపియర్ అడిగితే 3.7 దాకా పడిపోతుంది. అంత తక్కువలో చాలా కెమెరాలు నిలబడవు. 24 గేజి తీగ వేస్తే అర ఆంపియర్ దగ్గర నష్టం పావు వోల్టే. తీగను పక్క స్తంభం మీద పరిచేటప్పుడు అక్కడున్న ఎయిర్‌బ్యాగ్‌కు అడ్డం రాకుండా చూడాలి. సముద్రపు గాలికి కనెక్టర్లు పచ్చగా చిలుము పట్టినా ఇదే జబ్బు వస్తుంది. పొడిగుడ్డతో తుడవండి, పోకపోతే కేబుల్ మార్చండి.

అసలు ముప్పు ఎండలో ఉంది

అద్దంలోంచి వచ్చిన ఎండను నల్లటి డాష్‌బోర్డు పీల్చుకుంటుంది. అది తిరిగి వెదజల్లే పరారుణ వేడిని అద్దం బయటికి పోనివ్వదు. మూసిన కారులో గాలి ఆడక వేడి పోగుపడుతుంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2005లో ప్రచురించిన కొలతల్లో గంటలో కారు లోపలి ఉష్ణోగ్రత సగటున 22 డిగ్రీల సెల్సియస్ పెరిగింది. అందులో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే. అరిజోనాలో బయట 38 డిగ్రీలు దాటిన రోజుల్లో కొలిచి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, గంట ఎండకే లోపలి గాలి 47 డిగ్రీలకు, డాష్‌బోర్డు 69 డిగ్రీలకు చేరాయి. నీడలో ఉంచిన కార్ల డాష్‌బోర్డు 48 దగ్గర ఆగింది.

విశాఖలో గాలి అంత వేడెక్కదు, సముద్రం కాస్త ఆదుకుంటుంది. కానీ డాష్‌బోర్డును కాల్చేది గాలి కంటే ఎక్కువగా సూటిగా పడే ఎండ. మే రెండో వారంలో మన ఊళ్లో మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు.

లిథియం అయాన్ సెల్‌ను సాధారణంగా 45 డిగ్రీలు దాటాక చార్జ్ చేయకూడదు, 60 దాటాక వాడకూడదు. సెల్ లోపల గ్రాఫైట్ మీద ఏర్పడే పలుచని రక్షణ పొర దాదాపు 80 డిగ్రీల నుంచి విచ్ఛిన్నం కావడం మొదలవుతుంది. ఆ చర్యలోనే మరింత వేడి పుడుతుంది. 130 డిగ్రీల ప్రాంతంలో రెండు ధ్రువాలను వేరుచేసే ప్లాస్టిక్ పొర కరిగి లోపలే షార్ట్ అవుతుంది. అక్కడి నుంచి మంటను ఆపడం చాలా కష్టం. ఎండలో పెట్టిన ప్రతి పవర్ బ్యాంకూ అంతదాకా పోదు. కానీ 69 డిగ్రీల డాష్‌బోర్డు మీద, చార్జింగ్ వేడి కూడా తోడైతే, భద్రత కోసం ఉంచిన ఎడం చాలా తగ్గిపోతుంది. నిండా చార్జ్ చేసి వేడిలో వదిలేసినది అన్నిటికన్నా త్వరగా పాడవుతుంది. ఒళ్లు ఉబ్బినట్టు కనిపించిన పవర్ బ్యాంకును ఇక వాడకండి. మామూలు చెత్తలో కూడా వేయకండి, ఈ-వేస్ట్ సేకరణకు ఇవ్వండి.

ఈ సంగతి కెమెరా తయారీదారులకు తెలుసు. అందుకే చాలా మంచి డాష్‌కామ్‌లలో లిథియం బ్యాటరీకి బదులు సూపర్ కెపాసిటర్ పెడుతున్నారు. అది దాచుకునే శక్తి కొద్ది సెకన్లకే సరిపోతుంది. కరెంటు పోగానే చివరి వీడియో ఫైలును సరిగ్గా ముగించడానికి అంత చాలు. వేడికి మాత్రం బాగా తట్టుకుంటుంది. అద్దం వెనకే ఉండే పరికరంలో వాళ్లే లిథియంను తీసేస్తుంటే, దాని పక్కనే అంతకు ఎన్నో రెట్లు పెద్ద లిథియం ప్యాక్‌ను మనం తెచ్చి పెట్టడం తగదు.

ఎవరికి ఏది

స్టీల్‌ప్లాంటులో పనిచేసే ఒకరు కూర్మన్నపాలెం గేటు బయట కారు నిలిపి ఎనిమిది గంటల షిఫ్టుకు వెళ్తున్నారనుకోండి. చిన్న కెమెరాకు కావలసింది 20 వాట్ అవర్లు. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకులో 32 ఉన్నాయి. లెక్క ప్రకారం ఏ షిఫ్టుకైనా సరిపోవాలి. రాత్రి సి షిఫ్టుకు హాయిగా వాడుకోవచ్చు. ఉదయం ఎ షిఫ్టుకు, ఎండలో నిలిపిన కారులో, వద్దు. పగటి పార్కింగుకు కెపాసిటర్ కెమెరా, హార్డ్‌వైర్ కిట్ సరైన జోడీ. వైరింగు ముట్టుకోలేని చోట పగలు కెమెరా ఆగిపోయినా సరే, పవర్ బ్యాంకును చేతిసంచిలో వేసుకుని వెళ్లిపోవాలి.

వాడేటప్పుడు దాని చోటు గ్లోవ్ బాక్సు, లేదా సీట్ల మధ్య మూత ఉన్న అర. డాష్‌బోర్డు మీద వదులుగా ఉంచితే వేడి ఒక బాధ, గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఎగిరి తగలడం ఇంకో బాధ. కొనేటప్పుడు బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూడండి.

ఇంకో జాగ్రత్త విశాఖవాళ్లకు తప్పనిసరి. పోర్టు లోపల, స్టీల్‌ప్లాంటు లోపల, తూర్పు నౌకాదళ ప్రాంతాల్లో అనుమతి లేకుండా వీడియో తీయకూడదు. గేటు దగ్గరికి రాకముందే కేబుల్ లాగేసి, కెమెరా ఆరిందో లేదో చూసుకోండి. బయటికొచ్చాక మళ్లీ తగిలించి తేదీ, సమయం సరిచూడండి. చాలా రోజులు కరెంటు అందని కెమెరాలో గడియారం తప్పిపోవచ్చు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టాలంటే దానితో పాటు ధ్రువపత్రం ఇవ్వాలి. ప్రమాదం జరిగితే అసలు కార్డును తీసి భద్రపరచండి. వీడియోను కత్తిరించకండి.

ప్రమాదం జరిగినప్పుడు మాట చెల్లనిది ఎక్కువగా చిన్నవాళ్లకే. నెల జీతానికి బండి నడిపే డ్రైవరు, కొత్తగా కారు నేర్చుకున్న అమ్మాయి, లారీ క్యాబిన్‌లో భాష తెలియని ఊరికొచ్చిన మనిషి. వాళ్లకు ఖరీదైన వైరింగు అక్కర్లేదు. ఒక చిన్న కెమెరా, మందపాటి తీగ, వాట్ అవర్లు లెక్క చూసి కొన్న పవర్ బ్యాంకు ఉంటే న్యాయం చెప్పుకునే ఆధారం దొరుకుతుంది. ఎండ ఎక్కేలోగా పవర్ బ్యాంకును కారులోంచి తీసేయడం ఒక్కటి అలవాటు చేసుకుంటే ఆ ఆధారం ప్రమాదం లేకుండా దొరుకుతుంది.