ఊదుబత్తి కొనేటప్పుడు చూడాల్సింది పొట్లం బొమ్మ కాదు

ఆర్మూర్: పసుపు విషయంలో ఆర్మూర్ ప్రాంతం వారిని మోసగించడం అంత తేలిక కాదు. కొమ్మును చేతిలోకి తీసుకుని విరుస్తారు. లోపలి రంగు చూస్తారు. ముక్కు దగ్గర పెట్టుకుంటారు. సరిగా ఉడికిందో లేదో, ఎంత ఎండిందో చెప్పేస్తారు. అదే మనిషి కిరాణా దుకాణంలో ఊదుబత్తి అడిగితే మాత్రం పొట్లం మీది దేవుడి బొమ్మ, ధర చూసి సంచిలో వేసుకుంటాడు. ఇంటిల్లిపాదీ రోజూ పీల్చే పొగ విషయంలో ఇంత ఉదాసీనత తగదు.

ఇక్కడ ఊదుబత్తి వెలగని రోజు లేదు. దుకాణదారు కాంటా ముట్టుకునే ముందే బత్తి వెలిగిస్తాడు. నవనాథ సిద్ధుల గుట్ట ఎక్కే భక్తులు కొబ్బరికాయతో పాటు దాన్నీ తీసుకెళతారు. పోచమ్మకు మైసాక్షి, పీర్లకు ఊదు, శుక్రవారం ఇంట్లో సాంబ్రాణి వేయడం పల్లెల్లో వాడుక. బతుకమ్మ మీద గుచ్చేదీ ఊదుబత్తే.

ఊదు, అగరు అనే రెండు పేర్లూ ఒకే చెక్కవి కావడం విశేషం. అస్సాం వంటి ఈశాన్య ప్రాంతాల్లో పెరిగే అగరు చెట్టుకు బూజు సోకితే మాను లోపల నల్లటి సువాసన బంక ఊరుతుంది. ఆ చెక్కను సంస్కృతంలో అగరు అన్నారు, అరబ్బీలో ఊద్ అన్నారు. అది చాలా ఖరీదైనది. కనుక నేటి చౌక పొట్లాల్లో పేరు తప్ప ఆ చెక్క ఉండదు.

స్థూలంగా బత్తీలు రెండు రకాలు. మొదటిది మసాలా బత్తి. చందనం పొడి, వట్టివేరు, తుంగముస్తలు, జటామాంసి, సాంబ్రాణి వంటివి నూరి ముద్ద చేసి పుల్లకు చుడతారు. ఇందులో వేసే కచ్చూరాలు మన పసుపు కుటుంబానివే. వాసన ఆ ముద్దలోనే ఉంటుంది. రెండవది సెంటు బత్తి. బొగ్గు పొడిని జిగట పొడితో కలిపి పుల్లకు చుట్టి, ఆరిన తర్వాత సెంటులో ముంచుతారు. సెంటును పలుచన చేయడానికి డైఇథైల్ థాలేట్ అనే ద్రవాన్ని ఎక్కువగా వాడతారు. మార్కెట్‌లో చౌకగా దొరికేవాటిలో అధికం ఈ రకమే.

రెండింటికీ తేడా తెలుసుకోవడం కష్టమేమీ కాదు. సెంటు బత్తి పొట్లం విప్పగానే గుప్పుమంటుంది. వేలితో రుద్దితే నూనె జిడ్డు తగులుతుంది. మసాలా బత్తి వెలిగించక ముందు మెత్తని వాసన ఇస్తుంది, వేలికి పొడి అంటుతుంది. వెలిగించాక వాసన నెమ్మదిగా గదిలో పరుచుకుంటుంది. రంగును మాత్రం నమ్మరాదు. పసుపులో రంగునిచ్చేది కుర్కుమిన్, వాసననిచ్చేది అందులోని నూనె. ఊదుబత్తిలోనూ రంగు వేరు, వాసన వేరు. ఎర్రగా, పచ్చగా కనిపించేది అద్దిన రంగు కావచ్చు.

అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. దోమలు పోతాయంటూ కొన్నిచోట్ల పురుగుమందు కలిపిన బత్తీలు అమ్ముతున్నారు. భారత ప్రమాణాల సంస్థ 2025 డిసెంబరులో ఊదుబత్తికి ఐ.ఎస్. 19412 పేరిట ప్రమాణం విడుదల చేసింది. అలెథ్రిన్, పెర్మెథ్రిన్, సైపర్‌మెథ్రిన్, డెల్టామెథ్రిన్, ఫిప్రోనిల్ వంటి మందులను, హాని చేసే కొన్ని సువాసన రసాయనాలను అందులో నిషేధించారు. వీటిలో సైపర్‌మెథ్రిన్, ఫిప్రోనిల్ మన రైతులకు కొత్త పేర్లు కావు. చేలలో మూతికి గుడ్డ కట్టుకుని పిచికారీ చేసే మందులవి. చేనులో అంత జాగ్రత్త పడేవారు పడక గదిలో ఎందుకు పడరాదు?

మసాలా బత్తి అయినంత మాత్రాన పొగ మంచిదైపోదు. ఏ పొగలోనైనా ఊపిరితిత్తుల్లోకి చేరే సన్నని నుసి ఉంటుంది. కిటికీ తెరిచి ఒక్క బత్తి వెలిగిస్తే చాలు. పసిపిల్లలు, ఉబ్బసం రోగులు ఉన్న గదిలో అసలు వెలిగించకపోవడమే మేలు. కళ్లు మండినా, దగ్గు వచ్చినా వెంటనే ఆర్పేయాలి.

దుకాణదారులు కూడా పేరూ ఊరూ లేని పొట్లాలు తెచ్చి పెట్టకుండా, తయారీదారు చిరునామా, ప్రమాణ ముద్ర ఉన్న సరుకునే అడిగి తెప్పించాలి. కొనేవారు ముద్ర చూపమని అడగడం మొదలుపెడితే వారూ తెప్పిస్తారు.