లెక్కకెక్కని పిల్లలు
ప్రత్యేక అవసరాలున్న విద్యార్థుల నిధులు మంజూరయ్యేది ఢిల్లీలో. వాటికి మూలం మాత్రం ఊరి బడి నింపే కాగితాలు

ఏడాదికి 3,500 రూపాయలు. అంటే నెలకు 300 కూడా కాదు. ప్రత్యేక అవసరాలున్న ఒక్కో విద్యార్థికి సమగ్ర శిక్ష పథకం 2018లో ఖరారు చేసిన గరిష్ఠ మొత్తమది. కళ్లజోడు ఉంటే చాలనుకునే పిల్లవాడికీ, చక్రాల కుర్చీ, ఫిజియోథెరపీ, బడికి తోడు వచ్చే మనిషీ కావలసిన సెరిబ్రల్ పాల్సీ బాలికకూ కేటాయింపు సూత్రం ఒకటే. 2001లో మొదలైన సర్వశిక్షా అభియాన్‌లో అది 1,200 రూపాయలు. తర్వాత 3,000 అయింది. అంకె పెరిగినా పద్ధతి మాత్రం మారలేదు: తలకింత.

ఆ తల లెక్కకెక్కడమే మొదటి గండం. రాష్ట్రాలు ఏటా పంపే ప్రణాళికలను కేంద్రంలోని ప్రాజెక్టు ఆమోద మండలి పరిశీలించి నిధులు మంజూరు చేస్తుంది. చాలా రాష్ట్రాల్లో ఖర్చును కేంద్రం, రాష్ట్రం 60:40 నిష్పత్తిలో భరిస్తాయి. పిల్లల సంఖ్యకు ఆధారం పాఠశాలలు యూడైస్ ప్లస్‌లో నమోదు చేసే వివరాలు. నడవలేని పిల్లవాడు ఎవరికైనా కనిపిస్తాడు. అక్షరాలు కూడబలుక్కోలేని డిస్‌లెక్సియా బాలుడు మాత్రం 'మొద్దు' అనిపించుకుని వెనక బెంచీలో ఉండిపోతాడు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను ఏడు నుంచి 21కి పెంచి, ఇలాంటి అభ్యసన వైకల్యాలనూ చేర్చింది. కానీ టీచరు గుర్తించకపోతే, వైద్య పరీక్షకు పంపకపోతే ఆ చట్టం పిల్లవాడి దాకా రాదు.

అయితే బడి చేతిలోనూ ఒక అస్త్రముంది. విద్యాహక్కు చట్టంలోని 22వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీ అభివృద్ధి ప్రణాళిక రూపొందించాలి. ప్రభుత్వమిచ్చే గ్రాంట్లకు అదే ప్రాతిపదిక కావాలని చట్టమే చెబుతోంది. కమిటీలో మూడొంతుల మంది తల్లిదండ్రులే. 2012 సవరణ వైకల్యమున్న పిల్లలను ప్రతికూల పరిస్థితుల్లోని వర్గంలో చేర్చింది కాబట్టి వారి తల్లిదండ్రులకూ దామాషా ప్రాతినిధ్యం దక్కాలి. ర్యాంపు, బ్రెయిలీ పుస్తకాలు, రవాణా భత్యం, ప్రత్యేక టీచరు... ఏ పిల్లవాడికి ఏది కావాలో, దానికెంతవుతుందో ప్రణాళికలో రాసి పంపితే అది అధికారిక డిమాండవుతుంది. 'నిధులు చాలడం లేదు' అని ఒక్క వాక్యం రాస్తే ఫైలులోనే ఉండిపోతుంది.

టీచర్ల విషయంలోనూ అంతే. ప్రత్యేక ఉపాధ్యాయుల నిష్పత్తి తేల్చాలని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో ఆదేశించింది. ప్రాథమిక తరగతుల్లో పది మందికి ఒకరు, ఉన్నత ప్రాథమికంలో 15 మందికి ఒకరు ఉండాలని కేంద్రం 2022లో ప్రకటించింది. చాలా రాష్ట్రాలు పోస్టులనే గుర్తించలేదని 2025 మార్చిలో కోర్టు మళ్లీ మందలించాల్సి వచ్చింది. పోస్టుల సంఖ్య తేలాలన్నా మళ్లీ పిల్లల లెక్కే కావాలి.

రెండు తెలుగు రాష్ట్రాల్లో ఈ పిల్లలకు పెద్ద దిక్కు మండలాల్లోని భవిత కేంద్రాలు. అక్కడి రిసోర్స్ పర్సన్లు పాఠాలు చెప్పాలి, థెరపీకి ఏర్పాట్లు చూడాలి, మంచం దిగలేని పిల్లల ఇళ్లకూ వెళ్లాలి. ఏ బిడ్డకు ఎంత సాయం కావాలో అందరికంటే బాగా తెలిసింది వారికే. వారి అంచనాలు ప్రణాళికలోకి ఎక్కితే తలకింత లెక్క ఎక్కడ సరిపోవడం లేదో రుజువులతో సహా చూపించవచ్చు. అవసరాన్ని బట్టి నిధులు పంచాలన్న వాదనకు అంతకు మించిన బలం లేదు.

గడువు మాత్రం మరచిపోకూడదు. ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా ప్రణాళికపై సంతకాలై పైకి వెళ్లాలి. అందులో పేరు లేని పిల్లవాడి కోసం ఆ ఏడాది అడిగేవారుండరు.