వలె

వలె అనేది తెలుగులో పోలికను తెలిపే అవ్యయము. ఆంగ్లంలో పోలికార్థంలో వాడే లైక్ అనే పదానికి ఇది సమానార్థకము. దీనికి బదులు వాడుకభాషలో లాగా, లా అనీ, తెలంగాణలో లెక్క అనీ అంటారు. కావ్యభాషలో వోలె, కరణి, పగిది, భంగి అనే రూపాలున్నాయి. ఆధునిక ప్రామాణిక భాషకు కృష్ణా, గుంటూరు, గోదావరి మండలాల శిష్టుల వాడుక ఆధారమైనందున లాగా అనే రూపం పాఠ్యపుస్తకాలకెక్కింది. అంతమాత్రాన లెక్క అనడం తప్పు కాదు.

అలంకారశాస్త్రంలో

ఉపమాలంకారంలో వలె ఉపమావాచకము. "వరదకాలంలో ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణ సముద్రమువలె విశాలముగా ఉన్నది" అనే వాక్యంలో కృష్ణ ఉపమేయము, సముద్రము ఉపమానము, విశాలత్వము సమానధర్మము.

గా, లాగా: భేదము

"అతడు వైద్యునిగా సలహా ఇచ్చాడు" అంటే అతడు వైద్యుడే. "వైద్యునిలాగా సలహా ఇచ్చాడు" అంటే వైద్యుడు కాదని, పోలిక మాత్రమేనని సాధారణార్థము. ఆంగ్లంలో మొదటిదానికి యాజ్, రెండవదానికి లైక్ వాడాలి. రెండింటికీ లైక్ వాడితే అర్థమే మారిపోతుంది.

వలెను

"చేయవలెను", "రావలెను" వంటి పదాలలోని వలెను పోలికను తెలపదు. చేయక తప్పదనే విధ్యర్థాన్ని తెలుపుతుంది. "పువ్వువలెను" అన్నప్పుడు మాత్రం పోలికే. నామవాచకం తరువాత వస్తే పోలిక, క్రియ తరువాత వస్తే విధి అని గుర్తుంచుకోవచ్చు.