తూనికరాయి అరిగిందా, సరుకు పెరిగిందా?

పూర్వం మన ఊళ్ళలో తూనికల శాఖ ఉద్యోగి తనిఖీకి వస్తున్నాడంటే కొందరు వర్తకుల గుండెల్లో రాయి పడేది. ఆయన అంగడిలోని ఒక్కొక్క ఇనుప రాయినీ తన వెంట తెచ్చిన ప్రమాణపు రాయితో సరిచూసేవాడు. సరిగా ఉన్నదానిపై ముద్ర వేసి, అరిగినదానిని పక్కన పెట్టించేవాడు. అరిగిన రాయితో తూస్తే నిన్నటి బియ్యమే నేడు కాస్త ఎక్కువ తూగుతుంది. బస్తాలో బియ్యం పెరగలేదు, రాయి బరువు తగ్గింది, అంతే.

ప్రకృతిలో మార్పును కొలిచే శాస్త్రజ్ఞులకు నిద్ర పట్టనీయని ప్రశ్న సరిగ్గా ఇదే. చెరువులో చేపలు తగ్గాయని ఎవరైనా అంటే, తగ్గినవి చేపలా, లేక ఈ ఏడాది వేసిన వల కన్నులు వేరా అని అడగవలసి వస్తుంది. నదీజలంలో సీసం పెరిగిందంటే, పెరిగింది సీసమా, పరికరపు సునిశితత్వమా అని విచారించవలసి వస్తుంది. మార్పు నిదానంగా జరిగేదైతే ఈ సందేహం మరింత బలపడుతుంది. ఏడాదికి వేయింట రెండు మూడు పాళ్ళు మారే వస్తువును యాభై, అరవై ఏళ్ళు కొలవాలంటే, ఆ యాభై, అరవై ఏళ్ళూ కొలబద్ద మారలేదని కూడా నిరూపించాలి. ఈ రెండవ పనికే జీవితమంతా వెచ్చించిన రసాయన శాస్త్రజ్ఞుడు చార్లెస్ డేవిడ్ కీలింగ్. పిల్లల పాఠ్యపుస్తకాలలో రంపపు పళ్ళ వంటి అంచుతో పైకి ఎగబాకుతూ కనిపించే వక్రరేఖ ఆయన పేరుతోనే ప్రసిద్ధమైంది.

1928లో జన్మించిన కీలింగ్ రసాయన శాస్త్రంలో డాక్టరేటు చేసి, 1953లో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చేరారు. భూమి వేడెక్కుతున్నదన్న చింత ఆయనను ఈ పనికి పురికొల్పలేదు. నదీజలాలలోని కర్బనానికీ, పైనున్న గాలిలోని బొగ్గుపులుసు వాయువుకూ సమతౌల్యం ఉన్నదా లేదా అన్న చిన్న ప్రశ్నతో ఆయన బయలుదేరారు. అందుకు గాలిలో ఆ వాయువు ఎంత ఉన్నదో కచ్చితంగా తెలియాలి. అప్పటివరకు వివిధ దేశాల శాస్త్రజ్ఞులు ప్రకటించిన అంకెలకు ఒకదానితో ఒకటి పొంతన లేదు. కీలింగ్ స్వయంగా ఒక మానోమీటరు నిర్మించుకొన్నారు. గాజు ఫ్లాస్కులో పట్టిన గాలి నుంచి బొగ్గుపులుసు వాయువును ద్రవ నత్రజని చలిలో గడ్డకట్టించి వేరుచేసి, తిరిగి వాయువుగా మార్చి, దాని ఒత్తిడిని పాదరసపు మట్టంతో కొలవడం ఆ పద్ధతి. నిదానమైన పని, కాని వేయింట ఒక పాలు తేడాను పట్టుకోగలిగినది.

1955లో ఆయన కాలిఫోర్నియా తీరాన ఉన్న బిగ్ సర్ అడవిలో విడిది చేసి, రేయింబవళ్ళు గాలిని పట్టసాగారు. నడిరాత్రి కూడా పలుమార్లు పడక వదలి లేచి ఫ్లాస్కు నింపవలసి వచ్చేది. రాత్రి చెట్లూ నేలా వదిలే శ్వాస అడవిలోనే నిలిచిపోవడం వల్ల అంకె పెరిగేది. మధ్యాహ్నం ఎండకు గాలి కలియబడగానే తగ్గేది. ఎడారికి వెళ్ళినా, కొండ ఎక్కినా మధ్యాహ్నపు అంకె మాత్రం దాదాపు ఒకటే: పది లక్షల పాళ్ళలో సుమారు 310 పాళ్ళు. గత అంకెలలోని గందరగోళం చాలావరకు గాలిది కాదనీ, పట్టిన చోటుదీ, కొలిచిన పద్ధతిదీ అనీ అప్పుడు అర్థమైంది.

1957-58లో జరిగిన అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం ఆయనకు కలిసి వచ్చింది. అమెరికా వాతావరణ శాఖలోని హ్యారీ వెక్స్‌లర్, స్క్రిప్స్ సముద్ర పరిశోధనా సంస్థ సంచాలకులు రోజర్ రెవెల్ ఇద్దరూ ఆయనను ఆదరించారు. కాని పద్ధతిలో అభిప్రాయభేదం ఉండేది. ప్రపంచమంతటా ఒకసారి కొలిచి ఉంచి, ఇరవై ఏళ్ళ తరువాత మరొకసారి కొలిచి పోల్చవచ్చునన్నది రెవెల్ ఆలోచన. ఒకే చోట, ఎడతెగకుండా కొలవాలన్నది కీలింగ్ పట్టుదల. అందుకై హవాయి దీవిలో, మౌనా లోవా అగ్నిపర్వతపు వాలుపై, సుమారు 3,400 మీటర్ల ఎత్తున ఉన్న పరిశీలనాలయంలో పరారుణ కిరణాల పరికరాన్ని అమర్చారు. బొగ్గుపులుసు వాయువు పరారుణ కిరణాలను పీల్చుకొంటుంది. ఎంత పీల్చుకొన్నదో చూసి, ఎంత ఉన్నదో ఆ పరికరం కాగితంపై గీస్తుంది.

1958 మార్చి నెలాఖరున తొలి అంకె వచ్చింది: 313 పాళ్ళు. ఏప్రిల్‌లో ఒక పాలు పెరిగింది. మే నెలలో ఇంకా పెరిగింది. తరువాత కరెంటు పోయి పరికరం ఆగింది. జూలైలో మళ్ళీ మొదలుపెడితే అంకె పడిపోయి కనిపించింది. మరెవరైనా ఉంటే పరికరం చెడిందని తీర్మానించి ఉండేవారు. కీలింగ్ కూడా కలవరపడ్డారు. మరుసటి ఏడాది అదే తీరు నెల నెలకూ మళ్ళీ కనిపించిన తరువాతనే సందేహం తీరింది. ఉత్తరార్ధగోళంలో వేసవి వస్తే అడవులూ పైరులూ కిరణజన్య సంయోగక్రియతో వాయువును లోనికి తీసుకొంటాయి. ఆకురాలు కాలమూ శీతకాలమూ రాగానే కుళ్ళే ఆకులూ నేలా దానిని తిరిగి వదులుతాయి. మే నెలలో శిఖరం, సెప్టెంబరు, అక్టోబరు ప్రాంతంలో పల్లం. నడుమ తేడా సుమారు ఆరు పాళ్ళు. అర్ధగోళమంతా ఏడాదికి ఒకసారి తీసే ఊపిరి ఆ కొండపై పడిన గీతలో కనిపించింది.

ఇక్కడే అసలు చిక్కు ఉన్నది. ఊపిరి ఎత్తు ఆరు పాళ్ళు. ఏడాది మొత్తం మీద నికరంగా నిలిచే పెరుగుదల ఆ రోజులలో ఒక పాలుకన్న తక్కువ. అంటే పరికరం ఏడాదిలో ఒక్క పాలు పక్కకు జారినా, ఉన్న పెరుగుదల మాయమవుతుంది, లేదా లేని పెరుగుదల పుట్టుకొస్తుంది. పరారుణ పరికరం దానంతటది సత్యం చెప్పదు. అది త్రాసు మాత్రమే. రాళ్ళు వేరుగా కావాలి. ఆ రాళ్ళు సిలిండర్లలో నింపిన ప్రమాణ వాయువులు. బయటి గాలిని కొలుస్తూ, మధ్య మధ్య ఆ ప్రమాణ వాయువును కూడా పరికరంలోకి పంపి చూస్తారు. ఆ సిలిండర్లను అంతకన్న పై స్థాయి సిలిండర్లతోనూ, వాటిని మళ్ళీ పాదరసపు మానోమీటరుతోనూ సరిచూస్తారు. సిలిండరు గోడకు వాయువు అంటుకొని లోపలి పాలు మెల్లగా మారవచ్చు గనుక ఒక్క సిలిండరును నమ్మరు.

ఇంత జాగ్రత్త పడినా ఒక రాయి తప్పు తూగింది. తొలి దశాబ్దాలలో ప్రమాణ వాయువులను నత్రజనిలో కలిపి తయారుచేసేవారు. కొలిచే గాలిలోనేమో నత్రజనితో పాటు ప్రాణవాయువు కూడా ఉంటుంది. బొగ్గుపులుసు వాయువు అణువులను నత్రజని ఢీకొట్టే తీరు వేరు, ప్రాణవాయువు ఢీకొట్టే తీరు వేరు. దానిని బట్టి పరారుణ కిరణాలను పీల్చుకొనే తీరు కూడా స్వల్పంగా మారుతుంది. ఫలితంగా పాత అంకెలలో కొన్ని పాళ్ళ తేడా చేరినట్లు తేలింది. పాత రికార్డులన్నీ భద్రంగా ఉన్నందువల్ల వెనుకటి అంకెలన్నిటినీ తిరిగి లెక్కకట్టగలిగారు. అందుకే నాటి 313కు బదులు నేటి పట్టికలో 1958 మార్చి ఎదుట 315కు పైగా కనిపిస్తుంది. అంకె మారింది, గీత పైకి పోయే వాలు మారలేదు. ఇటువంటి పొరపాటును వెదికి పట్టుకొన్నవారికి పతకాలు రావు గాని, ఇదే జరగకపోతే ఆ వక్రరేఖను ఏ న్యాయస్థానంలోనూ నిలబెట్టలేము.

అగ్నిపర్వతంపై కూర్చొని బొగ్గుపులుసు వాయువును కొలవడమేమిటన్న ఆక్షేపణ తరచు వినిపిస్తుంది. న్యాయమైన ప్రశ్నే. పర్వతం విడిచే వాయువు రాత్రివేళ వాలు గాలితో వచ్చినప్పుడు గీత స్థిరంగా ఉండక గజిబిజి అవుతుంది. మధ్యాహ్నం కింది అడవి గాలి ఎక్కివస్తే అంకె దిగుతుంది. గంటల తరబడి నిలకడగా ఉన్న గాలినే లెక్కలోకి తీసుకొంటారు. అంతకన్న బలమైన సమాధానం దక్షిణ ధ్రువం. అక్కడ అగ్నిపర్వతపు వాలు లేదు, అడవి లేదు. పెరుగుదల మాత్రం ఉన్నది. దానిని కీలింగ్ 1960లోనే ప్రకటించారు.

ఇన్ని చేసినా పని ఆగిపోయే గండం పరికరం వల్ల రాలేదు, డబ్బు వల్ల వచ్చింది. నిధుల కోత కారణంగా 1964 తొలి నెలలలో మౌనా లోవాలో కొలత ఆగింది. నేటికీ ఆ వక్రరేఖలో అక్కడ ఒక ఖాళీ ఉన్నది. తరువాత కూడా, ఇది పరిశోధనా లేక గుమాస్తా పనా అని నిధులిచ్చేవారు పదే పదే అడిగేవారు. కొత్తదనం కోరేవారికి రోజూ అదే గాలిని అదే తీరున కొలవడం విజ్ఞానంగా కనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు. కాని మార్పును కొలిచే పనిలో రోజూ అదే తీరున చేయడమే విద్య. 1974లో అమెరికా ప్రభుత్వ వాతావరణ సంస్థ అదే కొండపై తన సొంత కొలత మొదలుపెట్టింది. కీలింగ్ తన కొలతను ఆపలేదు. రెండు త్రాసులు, వేర్వేరు చేతులు. అంకెలు సరిపోవడమే రెండింటికీ సాక్ష్యం.

నమ్మదగిన గీత ఒకటి చేతికి వచ్చాక, మొదట ఎవరూ ఊహించని ప్రశ్నలు కూడా దానిని అడగవచ్చు. పెరిగిన వాయువు ఎక్కడిదన్నది ఒకటి. కోట్ల ఏళ్ళు నేలలో ఉన్న బొగ్గులో కార్బన్-14 మిగిలి ఉండదు. బొగ్గు కాల్చిన పొగ గాలిలో కలిస్తే కార్బన్-14 పాలు పలచబడాలి. చెట్ల వలయాలలో ఆ పలుచదనాన్ని హాన్స్ సూయెస్ 1955లోనే చూపారు. ఇంధనం మండితే ప్రాణవాయువు కూడా ఖర్చు కావాలి. గాలిలో పది లక్షల పాళ్ళకు సుమారు 209,500 పాళ్ళున్న ప్రాణవాయువులో ఏడాదికి నాలుగైదు పాళ్ళ తరుగును పట్టుకోవడం అసాధ్యమనుకొనేవారు. కీలింగ్ కుమారుడు రాల్ఫ్ కీలింగ్ అందుకు తగిన పరికరం నిర్మించి, ఆ తరుగును చూపారు. ఇక 1996లో కీలింగ్ బృందం గమనించినది జీవశాస్త్రజ్ఞులను ఆశ్చర్యపరచింది. ఏటేటా తీసే ఆ ఊపిరే లోతు పెరుగుతున్నది: 1960 దశకపు తొలి సంవత్సరాలతో పోలిస్తే హవాయిలో 20 శాతం, ఉత్తర ధ్రువ ప్రాంతంలో 40 శాతం. వసంతకాలపు దిగుదల సుమారు వారం ముందుగా మొదలవుతున్నది. ఒక్క ఆకునైనా తాకకుండా, ఉత్తరాది అడవుల నడవడి మారిందని గాలి ద్వారా తెలుసుకొన్నారన్నమాట.

కీలింగ్ 2005లో మరణించారు. పని రాల్ఫ్ చేతికి వచ్చింది. 2013 మే నెలలో అంకె 400 అంచు తాకింది. 2025 మే నెల సగటు 430 దాటింది. పారిశ్రామిక యుగానికి ముందు అది సుమారు 280 అని మంచుగడ్డలలో చిక్కుకొన్న పాత గాలి చెబుతున్నది. 2022 నవంబరు చివర మౌనా లోవా బద్దలై, లావా దారినీ కరెంటు తీగలనూ తెంపివేసినప్పుడు కొలత మరొకసారి ఆగింది. కొద్ది రోజులలోనే ఎదుట ఉన్న మౌనా కేయా శిఖరంపై పరికరం పెట్టి, గొలుసు తెగకుండా చూశారు.

పరారుణ పరికరంతో పాటు గాజు ఫ్లాస్కులలో గాలి పట్టే పాత అలవాటు కూడా కొనసాగుతూనే ఉన్నది. మనిషి వదిలే ఊపిరిలో బొగ్గుపులుసు వాయువు సుమారు నలభై వేల పాళ్ళు, అంటే చుట్టూ ఉన్న గాలిలోకన్న దాదాపు వంద రెట్లు. అందుచేత ఫ్లాస్కు పట్టుకొన్న వ్యక్తి గాలి వీచే వైపుకు ముఖం తిప్పి నిలబడి, ఊపిరి బిగబట్టి, చేయి చాచి బిరడా తిప్పుతాడు. ఫ్లాస్కు నిండి, బిరడా మూసిన తరువాతనే ఊపిరి వదులుతాడు.