మా ఇంటి కంప్యూటరుకు ఏ లినక్స్?

2025 దీపావళికి వారం రోజుల ముందు మా ఇంటి కంప్యూటరు తెరమీద ఒక నోటీసు వచ్చింది. అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగుస్తుందనీ, విండోస్ 11 వేసికొందామంటే ఈ యంత్రం అందుకు తగదనీ దాని సారాంశం. బజారులో ఒక దుకాణదారును అడిగితే, "పాతది తూకానికి వేసి కొత్తది కొనండి సార్" అన్నాడు. గుమాస్తా జీతంలో, అమ్మాయి కాలేజీ ఫీజు కట్టవలసిన నెలలో, ఆ మాట ఎంత సులభంగా అన్నాడో చదువరులే గ్రహింతురు గాక!

లెక్క గిట్టదని మూసివేయడం మన ఊరికి కొత్త సంగతి కాదు. 1902లోనే శివనసముద్రం నుంచి విద్యుచ్ఛక్తి తెప్పించుకొన్న మన బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డవి. ఆ సాయంత్రం మా నాయన ఇంటికి వచ్చి, "తిరిగే చక్రాన్ని ఆపితే మళ్ళీ తిప్పేవాడు దొరకడురా" అన్నారు. ఆయన ఇప్పుడు లేరు. చివరి రోజులలో ఆయన చెప్పగా నేను టైపు చేసిన గని జ్ఞాపకాలు, సుమారు 60 పుటలు, ఈ కంప్యూటరులోనే ఉన్నవి. కాబట్టి నా దిగులు యంత్రం ఒక్కదాని గురించి కాదు.

మారికుప్పం నుంచి రోజూ రైలులో బెంగుళూరు వెళ్ళివచ్చే మా అక్కయ్య కొడుకు ఆదివారం వచ్చి, "మామా, లినక్స్ వేసి చూడు. డబ్బు ఖర్చులేదు" అన్నాడు. సరే అన్నాను. కాని ఏ లినక్స్? అక్కడే చిక్కు వచ్చింది.

లినక్స్ అనేది 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన వ్యవస్థ. అంతకు ముందే, 1983లో, రిచర్డ్ స్టాల్‌మన్ ప్రారంభించిన గ్నూ సామగ్రి దానికి తోడయినది. ఎవరైనా తీసికొని, మార్చుకొని, పదిమందికి పంచవచ్చును. మన ఇళ్ళలో ఒకే రాగిపిండితో ఒకరు సంగటి, ఒకరు రొట్టె, ఒకరు అంబలి చేసికొన్నట్లు, ఒకే లినక్స్‌తో ఎందరో ఎన్నో కూర్పులు తయారుచేశారు. వీటినే డిస్ట్రిబ్యూషన్లు అంటారు. ఏది గొప్పదని అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్క పేరు చెబుతారు. మా ఇంటికి ఏది తగునో తేల్చుకొనడానికి నేను మూడు ప్రశ్నలు వ్రాసికొన్నాను. నాలుగు జి.బి. మెమరీగల పాత యంత్రంమీద నడుచునా? తెలుగూ కన్నడమూ తిన్నగా వ్రాయవచ్చునా? మాటిమాటికి మార్చనక్కరలేకుండా కొన్నేళ్ళు నిలుచునా?

పరీక్షకు ఖర్చేమీ కాలేదు. ఎనిమిది జి.బి. పెన్‌డ్రైవులో లినక్స్ ఎక్కించి, కంప్యూటరును దానినుంచే మొదలుపెడితే, లోపలి డిస్కును తాకకుండానే వాడి చూడవచ్చును. రెండు ఆదివారాలు ఇదే పని. మా ఇంటావిడ కాఫీ ఇచ్చి, "పెళ్ళిచూపులు ఇంకా అయిపోలేదా?" అని నవ్వింది.

మొదట 2004లో పుట్టిన ఉబుంటు చూశాను. ముచ్చటగా ఉన్నది గాని మా యంత్రానికి బరువయినది. ఫెడోరా సరికొత్త సరుకు ముందుగా అందిస్తుంది. అయితే ఒక్కొక్క కూర్పుకు మద్దతు సుమారు 13 నెలలే. 1993నాటి డెబియన్ నిలకడకు పెట్టింది పేరు. కాని దానిని అమర్చుకొనడానికి నాబోటివానికి ఇంకొంచెం అనుభవం కావాలి. చెన్నైలోని సీడాక్ వారు చేసిన బాస్ కూడా డెబియన్‌మీద కట్టినదే.

హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు తెలుగులోనే తీర్చిన వ్యవస్థ నన్ను బాగా ఊరించింది. లినక్స్ తెలుగు అనువాదాలలో ఫైలును దస్త్రమని, ఫోల్డరును సంచయమని అనడం కలదు. తాలూకా కచేరీలలో గుడ్డలో మూటగట్టిన దస్త్రాలను చూసినవానికి ఆ మాట ఎంత దగ్గరిది! కాని మా అమ్మాయి కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ చదువుకొన్నది. మెనూలన్నీ తెలుగులో ఉంటే, "నాయనా, ఇదేమిటి?" అని గడియకొకసారి అడుగుతుంది. మా ఇంటికి కావలసినది తెలుగు మెనూ కాదు, తెలుగు వ్రాత అని అప్పుడు తెలిసివచ్చింది.

చివరకు లినక్స్ మింట్, అందులోనూ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికరకం, నిలిచింది. విండోస్‌కు అలవాటుపడ్డ కంటికి వింతగా తోచదు. మేము వేసినది 22వ వరుస. దానికి 2029 వరకు మద్దతు కలదు. ఉత్తరాలకు, లెక్కల పట్టీలకు లిబ్రే ఆఫీసు అందులోనే వస్తుంది.

కన్నడదేశపు తెలుగువారికి ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికలో భారతీయ భాషలన్నిటికీ ఒకే శబ్దం ఒకే మీటమీద ఉంటుంది. తెలుగు 'క' ఎక్కడ నొక్కుతామో కన్నడ 'క' కూడా అక్కడే. ఒక భాషకు వేళ్ళు అలవాటుపడితే రెండవది తనంతట వస్తుంది. తెలుగు బడి మొగం చూడని మా అమ్మాయి అక్షరాలు గుర్తుపట్టుకొంటూ పది రోజులలో వాళ్ళ అవ్వకు తెలుగులో జాబు టైపు చేసింది.

ఇక నాయన వ్రాత. దానిని మింట్‌లో తెరిచేసరికి గుండె ఆగినంత పని అయినది. తెలుగు లేదు, అన్నీ గజిబిజి ఇంగ్లీషు అక్షరాలు! నేను పాతకాలపు ఫాంటులో టైపు చేశాను. అటువంటివి ఇంగ్లీషు అక్షరాల చోటున తెలుగు బొమ్మలు కూర్చినవి. ఆ ఫాంటు లేనిచోట బొమ్మలు ఉండవు. యూనికోడులో మాత్రం తెలుగుకు సొంత స్థానం 1991 నుంచీ కలదు. అదృష్టవశాత్తు డిస్కు చెరపడానికి ముందే మొత్తం వేరొక పెన్‌డ్రైవులో దాచి, ఒక ప్రతి అచ్చు తీసి ఉంచాను. మార్పిడి సాధనంతో యూనికోడులోకి తెచ్చి, చెదిరిన వత్తులను అచ్చుప్రతితో పోల్చి నేనూ అమ్మాయీ రాత్రిపూట దిద్దుకొన్నాము. ఆమె చదివేది, నేను సరిచూసేవాణ్ణి. తాతయ్య గనిలోకి దిగిన మొదటి రోజు కథ ఆమె అప్పుడే మొదటిసారి చదివింది.

లోపాలు కూడా చెప్పాలి గదా. ట్యాలీ వంటి లెక్కల సాఫ్టువేరు విండోస్ కోసం చేసినది. వ్యాపారస్థులు అది ఆలోచించుకొనవలెను. ప్రింటరు, వైఫై, శబ్దం పనిచేయుచున్నవో లేదో పెన్‌డ్రైవు పరీక్షలోనే చూసికొనవలెను. అన్నిటికన్న ముందు మీ ఫైళ్ళకు మరొక ప్రతి తీసి పెట్టుకొనండి.

మా ఇంటికి మింట్ తగినది. మీ ఇంటికి వేరొకటి తగవచ్చును. పేరు ఏదయినా, యంత్రాన్ని తూకానికి వేసేముందు ఒక్క ఆదివారం దానికి ఇచ్చి చూడండి. నాయన జ్ఞాపకాలలో 41వ పుట దిద్దడం ఇంకా మిగిలే ఉన్నది. అమ్మాయి పిలుస్తున్నది.