బొమ్మ రైలింజను: విప్పుట, బాగుచేయుట

బొమ్మ రైలు అనగానే పిల్లల ఆటవస్తువని తేలికగా చూడడం మనకు అలవాటు. పాశ్చాత్య దేశాలలో, ముఖ్యంగా జర్మనీ, ఇంగ్లండులలో, అది పెద్దల వ్యాసంగం. జర్మనీలోని మార్‌క్లిన్ సంస్థ 1891లోనే బొమ్మ రైలు పట్టాల వెడల్పులకు ప్రమాణాలు ఏర్పరచినది. ఇంగ్లండులో ఫ్రాంక్ హార్న్‌బీ సంస్థ 1920లో స్ప్రింగు చుట్టి నడిపే రైళ్ళను, 1938లో 'డబ్లో' అను చిన్న కొలత రైళ్ళను తెచ్చినది. అటుపిమ్మట ప్లాస్టిక్ పైకప్పు గల చౌక ఇంజన్లతో ట్రై-యాంగ్ రంగప్రవేశం చేసినది. ఆ సంస్థకు మూలమైన లైన్స్ బ్రదర్స్ 1971లో దివాలా తీసినను, ఇంజన్లు మాత్రం నేటికీ ఔత్సాహికుల బల్లలమీద ఉన్నవి. వాటిలో 'జింటీ' అను ముద్దుపేరు గల ఆరు చక్రాల షంటింగు ఇంజనును, దానిలోని ఎక్స్ 04 మోటారును ఉదాహరణగా తీసికొందము.

పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. ఒక పట్టా ధన ధ్రువం, మరొకటి ఋణ ధ్రువం. వాని మధ్య గరిష్ఠంగా 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తు. ఒక ప్రక్క చక్రాలద్వారా కరెంటు లోహపు చట్రంలోనికి నేరుగా వచ్చును. రెండవ ప్రక్క చక్రాలు ఇరుసునుండి వేరుచేయబడియుండును గనుక, వానిని రాచుకొనే పలుచని లోహపు రేకులు కరెంటును మోటారుకు అందించును. ధ్రువాలు తారుమారైతే బండి వెనుకకు నడచును.

ఇంజను కదలనప్పుడు వెంటనే స్క్రూడ్రైవరు పట్టరాదు. ముందు పట్టాలను, చక్రాల అంచులను ఆల్కహాలుతో తడిపిన గుడ్డతో తుడువవలెను. అనేక సందర్భాలలో జబ్బు అక్కడనే తీరును. తీరనిచో పైకప్పు మరలు ఊడదీసి, ప్రతి భాగాన్ని తీసిన వరుసలోనే తెల్లని గుడ్డపై పేర్చవలెను. రంగు గుడ్డమీద చిన్న మర కనబడదు. నేలబడితే ఇక దొరకదు.

ఇప్పుడు మోటారు కంటబడును. మూడు చుట్టల ఆర్మేచర్, మూడు ముక్కల రాగి కమ్యుటేటర్, దానిని ఇరువైపుల తాకే రెండు కర్బనపు బ్రష్షులు. పరీక్షలకోసం ఈ పటాన్ని నోటు పుస్తకంలో ఎన్నోమారులు గీసిన విద్యార్థులలో బ్రష్షును వేళ్ళతో పట్టుకొన్నవారు ఎందరో! రెండు బ్రష్షులను నొక్కేది ఒకే తీగ స్ప్రింగు. దాని ఒక కొసకు సన్నని గొట్టం వంటి తొడుగుండును. అది విద్యుత్ నిరోధకం. తిరిగి బిగించునప్పుడు దానిని మరచినచో రెండు ధ్రువాలు స్ప్రింగుద్వారా కలిసిపోవును. కమ్యుటేటర్ ముక్కల నడుమ చేరిన నల్లని మురికిని కొయ్యపుల్లతో తీయవలెను, సూదితో కాదు.

చుట్టలు క్షేమమో కాదో మీటరు చెప్పగలదు. ఒక్కొక్క చుట్ట నిరోధం ఆర్ అనుకొందము. అన్నియు బాగుంటే ఏ రెండు ముక్కల మధ్యనైనను ఆర్‌లో మూడింట రెండు వంతులు కనబడును. ఒక చుట్ట తెగితే రెండు చోట్ల ఆర్, మూడవచోట దానికి రెట్టింపు కనబడును. అట్టి ఆర్మేచర్‌ను ఎంత తుడిచినను ప్రయోజనం లేదు, మరల చుట్టవలసినదే.

అసలు ప్రమాదం అయస్కాంతంతో. ఉత్సాహవంతులు దానిని కూడ ఊడదీసి బల్లమీద పెట్టుదురు. ఆ పాతకాలపు అయస్కాంతం ఇనుప ఆధారంనుండి వేరైనచో కొంత శక్తిని కోల్పోవును; తిరిగి బిగించినను ఆ శక్తి దానంతట రాదు. అయస్కాంతం బలహీనమైనచో మోటారులో పుట్టే ఎదురు వోల్టేజి తగ్గి, కరెంటు ఎక్కువగా ప్రవహించి, చుట్టలు వేడెక్కును. లాగే బలం మాత్రం తగ్గును. కావున అవసరం లేనిదే దానిని ముట్టరాదు. తీయక తప్పనిచో ధ్రువాలమీదుగా ముందే ఒక ఇనుప ముక్కను ఆనించి ఉంచవలెను.

మోటారు ఇరుసుపై మరచుట్టు గేరు, దాని క్రింద చక్రపు ఇరుసుపై పళ్ళ గేరు కలవు. మోటారు ఒక చుట్టు తిరిగితే ఒక పన్ను జరుగును. పళ్ళు 20 ఉన్నచో చక్రం ఒకసారి తిరుగుటకు మోటారు 20 సార్లు తిరుగవలెను. ఈ అమరికలో చక్రం మోటారును త్రిప్పలేదు. ఇంజనును చేతితో నేలమీద తోస్తే విరిగేది గేరు పళ్ళే. ఇంటిలోని చిన్నపిల్లలకు ఇది ముందే చెప్పుట మంచిది.

చక్రాలను ఇరుసునుండి లాగరాదు. ఆవిరి ఇంజనులో వలెనే ఎడమ, కుడి చక్రాల క్రాంకులు 90 డిగ్రీల తేడాతో బిగింపబడును. మూడు ఇరుసులలోను ఆ కోణం ఒక్కటిగా లేకున్నచో కలుపు కడ్డీలు పట్టివేసి, ఇంజను కుంటుచు నడచును.

నూనె కుట్టుమిషనుకు వాడే పలుచనిదైతే చాలును. ప్రతి బేరింగుకు సూదిమొనతో ఒక బొట్టు. కమ్యుటేటర్‌మీద పడిన నూనె కర్బనపు పొడితో కలసి బురదయై మొదటి జబ్బునే తిరిగి తెచ్చును. పైకప్పు పెట్టకముందే తక్కువ వోల్టేజిపై కొంతసేపు ముందుకు, కొంతసేపు వెనుకకు నడిపి, మోటారును వ్రేలితో తాకి చూడవలెను. గోరువెచ్చగా ఉంటే పైకప్పు బిగించవచ్చును. వ్రేలు నిలువనంత వేడియైతే మరల విప్పవలసినదే.