భారము లేని చదువు

పద్యతాత్పర్యమును పొల్లుపోకుండ అప్పగించిన విద్యార్థిని "నాయనా, ఇందు నీకు నచ్చినదేమి?" అని అడిగితిని. అతడు తల వంచుకొనెను. ముప్పదియేండ్ల బోధనలో ఈ మౌనము నాకు పలుమారు ఎదురైనది. దీని మూలమును వెదకిన వారిలో ఒక భౌతికశాస్త్రవేత్త ముఖ్యులగుట విశేషము. ఆయనయే ఆచార్య యశ్‌పాల్.

1926లో జన్మించిన యశ్‌పాల్ తొలుత బొంబాయి టాటా సంస్థలో విశ్వకిరణములపై పరిశోధనలు చేసిరి. 1973లో అహమ్మదాబాదులోని అంతరిక్ష ఉపయోగ కేంద్రమునకు సంచాలకులైరి. 1975 ఆగస్టు మొదలు ఒక సంవత్సరము పాటు, ఒక అమెరికా ఉపగ్రహము సాయముతో, ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు సేద్యము, ఆరోగ్యము, విద్యలను గూర్చిన టెలివిజన్ కార్యక్రమములు అందెను. అందు ఆంధ్రప్రదేశ్ పల్లెలును గలవు. ఆకాశమునుండి దిగివచ్చిన ఆ పాఠములు మన రైతులకు తెలుగులోనే వినవచ్చెను.

పిదప ఆయన 1986 నుండి 1991 వరకు విశ్వవిద్యాలయ నిధుల సంఘమునకు అధ్యక్షులుగా నుండిరి. దూరదర్శన్‌లో 'టర్నింగ్ పాయింట్' కార్యక్రమమున సామాన్యుల సందేహములకు సులభమైన మాటలతో సమాధానములు చెప్పిరి. పదవులు మారినవి గాని పని మారలేదు. తెలిసినదానిని తెలియనివారి చెంతకు చేర్చుటయే ఆ పని.

బాలల పుస్తకపు సంచుల బరువును గూర్చి రాజ్యసభలో ఆర్.కె. నారాయణ్ ఆవేదన వెలిబుచ్చిన తరువాత, 1992లో ప్రభుత్వము యశ్‌పాల్ అధ్యక్షతన ఒక సంఘమును నియమించెను. 1993లో వెలువడిన నివేదిక సారమిది: వీపుపై సంచి బరువే గాక, చదివినది అర్థముగాకపోవుట అను బరువు కలదు, అదియే ఎక్కువ హానికరము. శిశుతరగతుల ప్రవేశమునకు పరీక్షలు వలదనియు, ప్రాథమిక తరగతుల వారికి సాధారణముగా ఇంటిపని ఇయ్యరాదనియు ఆ సంఘము సూచించెను. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రమును రూపొందించిన సంఘమునకును ఆయనయే అధ్యక్షులు.

2017 జూలైలో ఆయన కన్నుమూసిరి. సంచిని తేలికపరచుటకు ప్రభుత్వపుటుత్తరువు చాలవచ్చును. రెండవ బరువును దింపుటకు మాత్రము ఉపాధ్యాయుడే కావలెను. ఆనాడు తల వంచుకొనినది నా విద్యార్థి, వంచుకొనవలసినవాడను నేను. ఇప్పుడు తాత్పర్యము చెప్పుటకు ముందే ఆ ప్రశ్న అడుగుచున్నాను. సమాధానములు తప్పులతో వచ్చుచున్నవి, కాని వచ్చుచున్నవి.